పక్క గదిలోని ఉద్యోగం

బహదూర్‌పల్లి, గురువారం

అత్తమ్మకు పద్మలత నమస్కారాలు. ఫోన్‌లో నా మాట మీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను, మరిది నగేష్‌తో చదివించుకోండి. ఇక్కడ అందరం బాగున్నాం.

నాకు ఉద్యోగం వచ్చింది. శామీర్‌పేట దగ్గరి యూనివర్సిటీలో ఆఫీసు పోస్టుకూ, కంది పంట మీద రీసెర్చి పోస్టుకూ రెండింటికీ దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలు రెండూ ఒకే రోజు, పక్కపక్క గదుల్లో. ఆఫీసు పనైతే చాలాకాలం ఉంటుందని ముందు ఆ గదిలోకే వెళ్లాను. అక్కడి పెద్దసారు ఏం చదివావని అడిగితే, కందికాయలో పడే పురుగు గురించి మొదలుపెట్టి ఆపలేకపోయాను. ఆయన నవ్వి, "అమ్మా, నిన్ను గీడ కూసోబెడితే ఫైళ్లల్ల గూడ పురుగులే ఎతుకుతవు. పక్క రూంల గా కంది పోస్టు ఉన్నది, జల్దీ పో" అన్నారు. వెళ్లాను. సాయంత్రానికి నన్ను తీసుకున్నామని చెప్పారు. బస్సులో మేడ్చల్ దాకా ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను.

ప్రాజెక్టు నడిచినన్నాళ్లే ఈ పని. ఒకటో తారీఖున చేరాలి. మన ఆమనిని బడి నుంచి తీసుకురావడానికి ఎవరూ లేరు, మీరు వచ్చి కొన్నాళ్లు ఉండండి. వచ్చేటప్పుడు మన చెలకలో పండిన కందులు దోసెడు తీసుకురండి. మామ దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా?

"ఎన్నొద్దులుంటదో తెల్వని కొలువు, ముందుగాల అమ్మను అడుగు" అన్నాడు మీ కొడుకు. అడుగుతానన్నాను. కానీ చేరతానని యూనివర్సిటీలో అప్పటికే చెప్పేశాను. అందుకని మీరు ఒప్పుకున్నట్టే జవాబు రాయించండి.

మీ దీవెన కోరే కోడలు,
పద్మలత