బ్రేకు షూలకు గంధం బొట్టు

ఆర్.ఎస్. పురం, కోయంబత్తూరు

అవ్వకు నీ జీవిత పెట్టే దండాలు. ఇక్కడ అందరం బాగున్నాం.

ఫోనులో నీకు సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నాను. తాత మోటారు సైకిలుకు బ్రేకు పట్టేదాకా ఆండిపట్టిలో నీ ఇంటికి తేవద్దన్నావు కదా, ఇప్పుడు పట్టింది.

ఆయుధపూజ ముందురోజు వెనక చక్రం విప్పి, బ్రేకు షూలు తుడిచి, స్పానర్ల పక్కన పెట్టాను. మా అత్త వాటినీ పూజలో పెట్టింది. మరునాడు గంధం బొట్లు తుడిచి బిగించాను. వీధిలోకి తీస్తే బండి ఆగదు! బ్రేకు కడ్డీ నట్టు మర చివరిదాకా తిప్పినా ఆగదు. మళ్లీ విప్పితే షూల నిండా నూనె. అత్తనడిగాను.

"సామి ముందర ఎండుగా పెట్టేదా కణ్ణూ? స్పానర్లకు పూసినట్టే వాటికీ నాలుగు చుక్కలు నూనె పూస్తిని!"

కొత్త షూలు వేసి, చక్రం తిప్పితే సన్నగా రాసుకునేదాకా నట్టు బిగించి, తాతలాగే అర చుట్టు వదులు చేశాను. ఇప్పుడు కాలు ఆనిస్తే చాలు, ఆగుతుంది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? నిమ్మకాయ ఊరగాయ ఒక సీసా తీసిపెట్టు. అత్త నిన్ను అడిగినట్టు రాయమంది.

ఆదివారం మధ్యాహ్నం బండి మీదే వస్తున్నాను. పోయినసారి బండి ఆగక నేను తొక్కించేసిన ముగ్గుకన్నా పెద్దది వెయ్యి. చక్రం దాని అంచున ఆగకపోతే బండి తాళం నీ చేతికే ఇచ్చేస్తాను.

నీ మనవరాలు,
జీవిత