నాన్న మిషన్ మీద పరీక్ష

18 ఆగస్టు 2025, సోమవారం

జగ్గయ్యపేటలో నాన్న పెట్టిన టైపు ఇన్‌స్టిట్యూట్‌ని ఈ నెలాఖరుకి మూసేస్తున్నాను. విజయవాడలో కాఫీ షాపు పెడుతున్న కిషోర్‌బాబు టైపు మిషన్లన్నీ తీసుకుని గోడకి అలంకారంగా పెట్టుకుంటాడట. పనిచెయ్యకపోయినా పర్లేదండి, పాతగా కనపడితే చాలు అన్నాడు. ఒళ్ళు మండింది. నాన్న మిషన్ తప్ప అన్నీ ఇస్తానన్నాను.

మిగిలింది ఒక్క స్టూడెంటు, కృపాజ్యోతి. ముక్త్యాల పిల్ల. వాళ్ళ నాన్న రాళ్ళ క్రషర్ దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఆదివారం నందిగామలో ఈ పిల్లకి టైపు హయ్యర్ పరీక్ష. మిషన్ మేమే మోసుకెళ్ళాలి.

23, శనివారం

నాన్న మిషన్ మీద గుడ్డ తీశాను. ఆయన పోయి మూడేళ్ళు. ఆఖరి స్టూడెంటు దీని మీదే పరీక్ష రాయాలని బుద్ధి పుట్టింది. తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూలు పెట్టి హారతిచ్చాను. కృపాజ్యోతి నసిగింది. చేతికి అలవాటైన నాలుగో నంబరు మిషనే ఇవ్వండి మేడమ్, పోనీ దీని మీద ఒక్క పేజీ కొట్టి చూసుకుంటా అంది. పూజ అయ్యాక రేపటిదాకా ముట్టుకోకూడదన్నాను. నాన్న అలాగే అనేవాడు.

24, ఆదివారం

పరీక్ష పోయింది. లైను చివరికొచ్చిందని చెప్పే గంట ఆ పిల్లకి వినపడలేదట. ప్రతి లైనూ అంచుకి కొట్టుకుని ఆగిపోయిందట. సగం పేజీ కూడా కాలేదు.

తిరుగు ఆటోలో మిషన్ ఒళ్ళో పెట్టుకుని, మా నాన్న చెవుల్లాగా నావీ పోతన్నాయేమోనండి అని ఏడ్చింది. ఓదార్చానా? లేదు. ధ్యాస ఎక్కడ పెట్టావే అన్నాను.

25, మధ్యాహ్నం మూడు

గంటకీ దాని సుత్తికీ మధ్య దూది ఉంది.

నేనే పెట్టాను. నాన్న మంచాన పడ్డప్పుడు ఆ గంట మోగితే చాలు, పక్క గదిలో ఉలిక్కిపడేవాడు. ఆయన పోయాక గుడ్డ కప్పేసి మర్చిపోయాను. శనివారం ఒక్క పేజీ కొట్టనిచ్చి ఉంటే తెలిసిపోయేది. దండం పెట్టాను గానీ మిషన్ పనిచేస్తోందో లేదో చూడలేదు.

26

ముక్త్యాల వెళ్ళలేదు. సిగ్గేసింది.

28, గురువారం

ముక్త్యాల వెళ్ళాను. వాళ్ళమ్మ వాకిట్లోనే చెప్పింది, నాలుగు రోజుల్నించీ పిల్ల గోడగడియారం చప్పుడు ఎంత దూరానికి వినపడుద్దో చూసుకుంటందండి అని. దూది సంగతి చెప్పేశాను.

మంచం మీదున్న వాళ్ళ నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏందమ్మా, గట్టిగా చెప్పు అన్నాడు. గట్టిగా చెప్పాను. ఇంకొంచెం గట్టిగా అన్నాడు. మూడోసారికి ఎదురింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. తప్పు నాదేనండీ, మీ పిల్ల చెవులు బంగారంలా ఉన్నాయండీ అని వీధంతా వినేలా అరిచాను. ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. పరీక్షదేముందమ్మా, మళ్ళీ రాసుద్ది అన్నాడు.

బస్సు దాకా కృపాజ్యోతి వచ్చింది. నాలుగో నంబరు నాకిస్తారా అని అడిగింది. మేడమ్ అనలేదు.

31, ఆదివారం

నాలుగో నంబరు ముక్త్యాల వెళ్ళింది. దాని బదులు నాన్న మిషన్ కిషోర్‌బాబు వ్యాను ఎక్కింది. ఏడుపొస్తుందేమోనని సాయంత్రం దాకా కూర్చున్నాను. రాలేదు.