చెయ్యెత్తని సరిత

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. మీ అమెరికన్ నవలల క్లాసు ఇప్పుడు నేనే చెబుతున్నాను. ఇవాళ నవల ముగించి, మీ అలవాటు ప్రకారమే అడిగాను: "పల్లె వదిలి ఫ్యాక్టరీలో చేరిన ఈ పిల్లని పరిస్థితులే నెట్టాయనేవాళ్లు చేతులెత్తండి."

అందరూ మనిషిని పరిస్థితులే నడుపుతాయనే మీ పక్షమే. మామిడిపల్లి సరిత మాత్రం ఎత్తలేదు.

"మా చేను ప్లాట్లయింది మేడమ్, గది మా చేతిల లేకుండె. గానీ బాపు వద్దన్నా గీ కాలేజీకి నేనే వచ్చిన," అంది.

స్టాఫ్‌రూంలో అన్నేళ్లు వాదించినా నేను మీకు చెప్పలేకపోయిన జవాబు! పొంగిపోయాను.

అంతలో టైం చూసుకుని, "ఎయిర్‌పోర్టుల డ్యూటీ ఉంది, లేటయితే ఊకోరు," అని పరుగెత్తింది.

మీరుంటే "చూశావా, మళ్లీ పరిస్థితులే నెట్టాయి!" అని నవ్వేవారు. మీ బదులు నేనే నవ్వాను.