కార్తీకం పేరు చెప్పి

యానాం

అత్తయ్యగారికి నమస్కరించి,

మీరు ఫోనెత్తడం లేదు కనుక రాస్తున్నాను. ఎదురింటి మంగతాయారుగారు మీకు చెప్పింది నిజమే. ఆదివారం తెల్లవారుజామున ట్రాక్‌ప్యాంటు వేసుకుని సైకిల్ తొక్కింది నేనే. కార్తీకమాసం కదా, స్నేహితురాళ్లు హారిక, షారోన్‌లతో ద్రాక్షారామం శివాలయానికి వెళ్లొచ్చాను. చలిగాలికి కాళ్లు ఆగక, చుట్టు తిరిగి మరో మూడు గుళ్లు కూడా చూసొచ్చాం. అంతా భక్తే. వచ్చేటప్పుడు కనకాలపేట దగ్గర హారికని దాటేశాను కూడా.

కార్తీకం అయిపోవచ్చింది. "మీ గుళ్లన్నీ తిరిగేను, మా చర్చిలకి రారేంటే?" అంటోంది షారోన్. అంచేత క్రిస్మస్ దాకా చర్చిలకి వెళ్లక తప్పదు, మర్యాద కదా. ఆ తర్వాత ధనుర్మాసం ఉండనే ఉంది.

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మాత్రం ఏ దేవుడూ తట్టడం లేదు. పెద్దవారు, మీరే చెప్పాలి.

మీ కోడలు