ఉత్తుత్తి పెట్టె పంచిన అడ్రసులు

తమ్ముడికి అక్క దీవించి రాయునది.

నీ మోకాలు ఎలా ఉంది? మరదలి దగ్గు తగ్గిందా? కోడలికి కొత్త కళ్ళద్దాలు కుదిరాయా? ఇక్కడ నా బీపీ తప్ప అందరం బాగున్నాం. ఫోను చేస్తే మనవరాలు వింటుందని ఉత్తరం రాస్తున్నాను.

నెట్‌వర్కు ఉద్యోగపు పరీక్షకని అది కంప్యూటరు తెరమీద ఉత్తుత్తి పెట్టెలు, ఉత్తుత్తి వైర్లు కలిపి నేర్చుకుంటోంది. మొన్న ఆదివారం వాటిని నిజం ఇంటర్నెట్‌కి కలుపుతానంది. "బొమ్మల పొయ్యికి నిజం నిప్పు పెడతారటే?" అన్నాను. "నీకు అన్నిటికీ భయమే నానమ్మా" అని నవ్వింది.

ఇంట్లో ఫోన్లకి తలా ఒక అడ్రసు ఇచ్చే పెట్టె గోడకి ఉంటుందట. దీని బొమ్మ పెట్టె దానితో పోటీకి దిగి, అందరికీ ఉత్తుత్తి అడ్రసులు పంచేసింది. ఒక్క ఫోన్లోనూ ఇంటర్నెట్ రాలేదు. ఆదివారమైనా ఇంట్లోంచే ఆఫీసు వీడియో మీటింగులో ఉన్న మావాడు తెరమీద తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయాడట.

గంటలో ఆ పిల్లే సరిచేసింది. కానీ మావాడు "ఇల్లే ఆపేశావు, ఆఫీసులేం నడుపుతావే?" అన్నాడని, ఇరవయ్యో తారీఖు పరీక్షకి వెళ్ళనంటోంది. నాకు తిండి సయించడం లేదు.

టెలిఫోన్ ఆఫీసులో చేరిన కొత్తలో నువ్వు వైర్లు తారుమారు చేసి, డాక్టరుగారి ఫోన్లన్నీ కట్టెల అడితికి పంపలేదూ? రోగులు జ్వరమంటే అడితివాడు "ఎన్ని బళ్ళు కావాలి?" అన్నాడు కదా! ఆ చేతులతోనే ముప్ఫయ్యేళ్ళు పనిచేశానని దానికి నీ నోటితో చెప్పు. పరువంటావా, అది అప్పుడే పోయింది.

పద్దెనిమిదో తారీఖు బుధవారం పొద్దుటి బస్సుకి నువ్వు వస్తున్నావని ఇంట్లో చెప్పేశాను.

అక్క