ఎలుకలు కొరకని స్వెట్టర్

కొత్తూరు,
13 నవంబరు 2011.

అమ్మకు సిల్వియా వందనాలు.

ప్రభువు దయవల్ల బాపు, నేను, ఇంటి ముందున్న నీ జామచెట్టు, ముగ్గురం క్షేమం. ఊటీ చలిలో నువ్వూ నీ హాస్టల్ పిల్లలూ కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పలేను. ఫోన్లో అయితే సగం వినగానే తిట్టడం మొదలుపెడతావు. ఉత్తరమైతే చివరిదాకా చదివాకే తిట్టాలి.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బాపు మోకాలి నొప్పి తగ్గింది. ఎయిర్‌పోర్టు స్టాఫ్‌ను తీసుకెళ్లే బస్సు కొత్తది ఇచ్చారు, క్లచ్ మెత్తగా ఉందట. దవాఖాన మందులకన్నా అదే బాగా పనిచేసిందంటున్నాడు. నేను వేళకు తింటున్నాను, నమ్మకపోతే బాపును అడుగు. పక్కింటి దుర్గవ్వకు కంటి ఆపరేషన్ అయింది, అద్దాలు కూడా వచ్చాయి. బాగా కనిపిస్తోంది. ఎంత బాగా కనిపిస్తోందో కింద రాస్తాను.

ఇక మన పందెం సంగతి. ఉత్తరాఖండ్ కొండల్లోని బడికి ఏడాదిపాటు టీచరుగా పోతానన్నప్పుడు నువ్వు రాసింది నాకు కంఠతా వచ్చు. "బ్యాంకు కోచింగు సగం, బ్యుటీషియన్ కోర్సు సగం, గిటారు మంచం కింద. రెండు నెలల్లో పెట్టె మోసుకుని తిరిగొస్తావు. నేను పంపిన ఊలుతో గుండీలున్న లేసు స్వెట్టర్ ఒక్కటి చివరిదాకా అల్లు. ఒక్క తప్పు లేకుండా నా చేతికి రావాలి. అప్పుడు మీ బాపును నేనే ఒప్పిస్తాను."

లేసు అల్లిక ఎంత గడుసుదో చేతిలోకి తీసుకున్నాకే తెలిసింది. సూది మీద ఊలును ఊరికే ఒక చుట్టు తిప్పితే అక్కడొక రంధ్రం. పెరిగిన కుట్టును సరిచేయడానికి పక్కన రెండు కుట్లు కలిపి ఒకటి. ఆ రంధ్రాలు వరసగా నిలబడితేనే ఆకు. ఒక్క చుట్టు మరిచిపోతే ఆకు కాస్తా పుల్లయిపోతుంది. మొదటి నెలంతా నేను పుల్లలే అల్లాను.

ఊలు ఉండలు చుట్టడానికి బాపే నాకు సాయం. రెండు చేతులూ ముందుకు చాచి కూర్చుంటాడు, ఊలు పోగుల చుట్ట వాటి మీద. ఒకరోజు అదే సమయానికి పాస్టరుగారు వచ్చారు. బాపు చేతులు అలాగే పెట్టుకుని లేచి నిలబడ్డాడు. ప్రార్థన చేయమంటున్నాడనుకుని ఆయన కళ్లు మూసుకుని మొదలుపెట్టేశారు! ఆమెన్ దాకా బాపు చేతులు దించలేదు.

ఎయిర్‌పోర్టులో నేను పనిచేసే పుస్తకాల షాపులో తీరిక బోలెడు. కానీ గేటు దగ్గర సెక్యూరిటీ మేడం నా సూదులు పైకెత్తి పట్టుకుంది.

"ఏందమ్మా ఇవి?"

"స్వెట్టర్ అల్లే సూదులు మేడం."

"శంషాబాద్‌ల స్వెట్టరా? ఎవలకు, ఇమానానికా?"

సూదుల్ని లోపలికి రానివ్వలేదు. అందుకని బాపు బస్సులోనే, పోతూ వస్తూ అల్లాను. పాలమాకుల దగ్గర స్పీడ్ బ్రేకర్ వస్తే బాపు ముందే అరుస్తాడు, "సిల్వీ, సూది పట్టుకో!" అని. ఆ అరుపుకి బస్సులో వాళ్లంతా తమ టిఫిన్ డబ్బాలు పట్టుకుంటారు. అలా కదిలే బస్సులో ముందు రెండు ముక్కలు, వీపు, చేతులు అన్నీ పూర్తయ్యాయి. కలిపి కుట్టాను కూడా. పోయిన నెలాఖరుకు ఇక గుండీలే బాకీ. ఆ రోజు స్వెట్టర్‌ను మంచం మీద పరిచి డ్యూటీకి వెళ్లాను. బాపుకు సెలవు.

సాయంత్రం వచ్చేసరికి దుర్గవ్వ మన గడపలో కూర్చుని ఉంది. ముక్కు మీద కొత్త అద్దాలు, ఒళ్లో నా స్వెట్టర్.

"వచ్చినావా బిడ్డా! ఇగ సూడు. ఏడ కొరికినయో నువ్వు కనిపెడితె నా పేరు దుర్గవ్వ గాదు."

"ఏం కొరికినయి అవ్వా?"

"ఎలుకలు! ఈపంత తూట్లు తూట్లు జేసినయి. నా కండ్లు మంచిగైనయి కాబట్టి కనవడ్డయి. లేకుంటె గట్లనే తొడుక్కొని పోతుంటివి."

బొంతలు కుట్టి కుట్టి ఆరితేరిన ఆ చేయి నీకు తెలుసు కదా. మిగిలిన ఊలుతో, లోపలి వైపు నుంచి, ముడి కూడా కనపడకుండా వీపు మీది రంధ్రాలన్నీ మూసేసింది. అక్కడ నా ఆకుల్లో ఒక్కటీ మిగల్లేదు. బాపు వైపు చూశాను.

"ఊలు నేనే ఇచ్చిన," అన్నాడు నేల చూస్తూ. "ఎలుకలంటె నిజమే అనుకున్న."

"నీ బస్సులనే అల్లిన గద బాపూ!"

"నేను రోడ్డు సూస్తున్న గద!"

నిజం చెప్తున్నానమ్మా, మంచం కింద గిటారు పక్కన ఉన్న జాగా నాకు స్పష్టంగా కనిపించింది. కానీ దుర్గవ్వ నా మెచ్చుకోలు కోసం మొహం పైకెత్తి చూస్తోంది.

"అవ్వా, అవి ఎలుకలు చేసినవి గావు. నేనే చేసిన."

"నువ్వెందుకు చేస్తవ్?"

"డిజైన్ అవ్వా. ఆకులు."

అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "మీ అమ్మ సూస్తె కొట్టదా?"

"అమ్మనే చెయ్యమన్నది."

"మంచిగుండె గద యేసుమణి! ఏమైంది దానికి?"

ముందు బాపు నవ్వాడు, తర్వాత నేను. దుర్గవ్వ మాత్రం నవ్వలేదు. ఊలు చాలక తను ముట్టుకోని ముందు భాగంలోని ఆకుల మీద వేలు రాసి, "ఆపరేషన్ జేయించుకోకుంటెనే మంచిగుంటుండె," అంది. ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో పోయింది.

మర్నాటి నుంచి డ్యూటీ కాగానే ఇద్దరం గడపలో కూర్చుని విప్పడం మొదలుపెట్టాం. తన కుట్టు ఎక్కడుందో తనకే తెలుసు. తను చూపిస్తుంటే నేను సూదిమొనతో లాగేదాన్ని. పొరపాటున అల్లిక పోగు తెగిందా, కింది ఆకులన్నీ జారిపోతాయి. బడివాళ్లకు ఈ నెలాఖరులోగా జవాబు రాయాలి కదా, నా చేయి ఉరికేది. "నిమ్మళంగ!" అని దాని మీద ఒకటి వేసేది దుర్గవ్వ. ఒక్కొక్కటే ఆకులు బయటికొచ్చాయి. నిన్న గుండీలు కూడా కుట్టాను. పార్శిల్ ఈ ఉత్తరంతోపాటే వస్తుంది.

ఇంతసేపూ దాచింది ఇప్పుడు రాస్తున్నాను. వీపు మీద ఒక రంధ్రం ఇంకా మూసే ఉంది. సరిగ్గా మెడ కింద, పై ఆకు కొనలో. చివరికి అదొక్కటే మిగిలినప్పుడు దుర్గవ్వ దాన్ని అరచేత్తో కప్పేసింది.

"గిదొక్కటి ఉండనియ్యి బిడ్డా. ఆ కొండలల్ల గాలి దూరేది గీడికెంచే."

నువ్వు ఒప్పుకుంటావని ఆమె ఎప్పుడో అనేసుకుంది.

మొన్న బస్సులో దాన్ని విప్పుదామని సూది తీశాను. ఒక్క నిమిషం పని. నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. చేయి రాలేదు. ఇది మాత్రం బద్ధకం కాదమ్మా.

ఒక్క తప్పు లేకుండా అన్నావు. అది తప్పే అని నువ్వంటే పందెం ఓడిపోయినట్టే. బడివాళ్లకు రాలేనని రాసేస్తాను, అలగను కూడా. స్వెట్టర్ నువ్వే ఉంచుకో, మనిద్దరి కొలత ఒకటే కదా. తప్పు కాదంటే బాపుకు ఫోన్ చేసి ఒప్పించు, స్వెట్టర్ నాకు తిప్పి పంపు.

ఇద్దరిలో ఎవరం తొడుక్కున్నా, మెడ కింద గాలి మాత్రం దూరదు.

ఇట్లు,
నీ తీర్పు కోసం రోజూ పోస్టుమ్యాన్‌ను సతాయించబోయే
నీ బిడ్డ,
సిల్వియా