ఇచ్చేటప్పుడు ఏమన్నారు?

కోపంగా ఉన్న అత్తకు,

ఎదురుగా నిలబడితే నోరు పెగలదు. అందుకే నీ పెళ్ళి మేకప్ బ్రష్షుల పెట్టెలో ఈ ఉత్తరం పెట్టి, స్నేహితురాలి ఇంటికి వెళ్తున్నాను.

నిన్న షాపులో, జడలు వేసే ఇద్దరమ్మాయిల ముందు నా సంచిలోంచి ఆ టిప్పు కవరు లాగి, "ఇన్నాళ్ళూ అన్నం పెట్టి పెంచింది దొంగనా?" అన్నావు. అత్తా, ఆ మాటకి నేను చచ్చిపోయాననుకో! మన షాపు పద్ధతి నాకు తెలియదా? ఓనరువి కాబట్టి నువ్వు టిప్పు ముట్టవు. సహాయకులకి వచ్చింది కౌంటరు మీది డబ్బాలో పడాలి, అందరూ పంచుకోవాలి. శుక్రవారం పెళ్ళిలో వచ్చిన కవరు నేను డబ్బాలో వేయలేదు. నిజమే.

ఎందుకంటే ఎవరు డబ్బాలో కవరు వేసినా నువ్వు డబ్బు చూడవు. "ఇచ్చేటప్పుడు ఏమన్నారే?" అని అడుగుతావు. ఆ పెళ్ళికూతురి తల్లి నన్ను తలుపు చాటుకి పిలిచి ఏమందో తెలుసా? "వచ్చే నెల మా చిన్నదాని పెళ్ళి. నువ్వొక్కదానివే రా అమ్మా. మీ అత్త చెయ్యి వణుకుతోంది. కంటి గీత మూడుసార్లు తుడిచింది, చూశాను." ఇది నీకెలా చెప్పను? ఆరు నెలలుగా "వెలుతురు సరిగ్గా లేదు" అని వంక చెప్పి, నీ గీతలు దిద్దుతున్నది నేనే.

వేరే షాపులో పనికి ఒప్పుకున్నాను. ఈ ఆదివారం మనం ఒప్పుకున్న పెళ్ళికి రాను. కానీ నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కదానివే వెళ్ళకు.

నువ్వు ఇంకా కాదనకపోతే,
నీ మేనకోడలు

*

మొండిఘటానికి,

జడల అమ్మాయితో ఇది పంపుతున్నాను. ముందుగా, నిన్న అన్న చోటే, ఆ ఇద్దరి ముందే నాదే తప్పని ఈ ఉదయం చెప్పాను. ఆ మాట అన్నందుకు నా నోరు పడిపోను.

ఇప్పుడు విను. చిన్నమ్మాయి పెళ్ళికి నిన్ను పిలవమని ఆ తల్లికి చెప్పింది నేనే. కవరు ఇచ్చేటప్పుడే ఆ మాట నీతో అనమన్నాను. చెయ్యి వణుకుతోందన్నది మాత్రం ఆవిడ సొంత పైత్యం. నీ ఉత్తరంలో అది చదివి కాసేపు మండిపడ్డాను. ఆ పెళ్ళయ్యాక నువ్వొచ్చి చెబుతావని రెండు రోజులు ఎదురుచూశాను. నువ్వు దాచావు. చెప్పకుండా వెళ్ళిపోతావేమోనని భయమేసి సంచి వెతికాను. తీరా చూస్తే నువ్వు చేస్తున్నదీ అదే!

నువ్వు దిద్దుతున్నావని నాకు తెలియదనుకున్నావా, వెర్రిదానా? నేను గీత చివర కిందికి దించుతాను. నీది పైకి లేస్తుంది. అద్దంలో చూసి ఊరుకున్నాను. నాకు చెప్పే ధైర్యం నీకు లేదు, నిన్ను అడిగే ధైర్యం నాకు లేదు. ఇన్నేళ్ళ పని చేతిలోంచి జారిపోతుంటే ఎంత ఏడుపొస్తుందో నీకు ఎలా చెప్పేది?

ఆదివారం ఆరింటికి వ్యాను వస్తుంది. పెళ్ళికూతురి ముందు నువ్వే కూర్చో. నేను పక్కన నిలబడి బ్రష్షులు అందిస్తాను. టిప్పు సహాయకులకే కదా ఇస్తారు? నా చేతిలో ఎవరైనా కవరు పెడితే తీసుకుని, తిన్నగా డబ్బాలో వేస్తాను. ఇచ్చేటప్పుడు ఏమన్నారని నువ్వు నన్ను అడుగు.

ఆదివారం నుంచి నీ సహాయకురాలు,
అత్త